రెండడుగుల మట్టి

టీ సంగతి

కాలుష్యం ఆఫీసులో ఇంజనీరుగా చేరబోయేవాళ్ళకు ముందుగా చెప్పాల్సింది టీ గురించి. ఫ్యాక్టరీ గేటు దాటగానే మేనేజరు గదిలోకి టీ వస్తుంది, పక్కనే బిస్కెట్ల ప్లేటు వస్తుంది. తాగారా, కాలువ పక్క ఇళ్ళవాళ్ళకు సాయంత్రంలోగా తెలిసిపోతుంది, ఇక వాళ్ళు మీకు ఒక్క నిజం చెప్పరు. తాగలేదా, మేనేజరు మొహం మాడ్చుకుని మేడంగారికి మా టీ ఆనదులే అంటాడు. బయటికొచ్చాక ఆ కాలువ పక్క ఇళ్ళవాళ్ళు చెంబుతో మజ్జిగ ఇస్తారు. అదీ తాగకూడదు, ఎందుకంటే ఫ్యాక్టరీ వాచ్‌మన్ గేటు దగ్గర నిలబడి చూస్తూనే ఉంటాడు. నేను ముప్పై రెండేళ్ళు నా ఫ్లాస్కు నేనే మోసుకుని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బస్సుల్లో తిరిగాను.

ఈ ఉద్యోగంలో మీకు ఎవరూ మనవాళ్ళు కారు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను. ఫ్యాక్టరీవాడికి మీరు దుడ్లకోసం వచ్చినవాళ్ళు. పేటవాళ్ళకు మీరు ఫ్యాక్టరీవాడి మనుషులు. పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు తక్కువ, పిలిచారంటే ఏదో ఫైలు ఉన్నట్టు లెక్క. పోనుపోను మీరే పోవడం మానేస్తారు. నేను పెళ్ళి చేసుకోలేదు. దానికి ఈ ఉద్యోగం కారణమా అని మా ఆఫీసులో చాలామంది వెనకాల మాట్లాడుకునేవాళ్ళు. కాదు. కానీ ఉద్యోగం ఆ ఖాళీని చక్కగా పట్టి ఉంచిందని మాత్రం ఒప్పుకోవాలి.

ఇప్పుడు రిటైరై హిందూపురంలో ఒక మేడమీద రెండు గదుల్లో ఉంటున్నాను. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు, పే స్కేళ్ళ సంగతి రాయను, అవి ఎవరికైనా ఒకటే. నాకు పని నేర్పిన రెండు తప్పులు రాస్తాను. రెండూ నావే.

ఐసు

మా మొదటి సారు చిడచిడలాడే మనిషి. తప్పు దొరికితే పదిమందిలోనే కడిగేసేవాడు. కానీ పని తెలిసినవాడు. మేం బాటిల్ మీద లేబుల్ రాస్తుంటే పక్కన నిలబడి చూసేవాడు. చూసింది రాయండి, అనుకున్నది రాయొద్దు అనేవాడు. నాకేమో ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అనిపించేది.

హిందూపురం పక్కన ఒక చిన్న రసాయనాల ఫ్యాక్టరీ ఉండేది, ఇప్పుడు లేదు. దాని వెనక కాలువలో నీళ్ళు తాగి గంగమ్మ అనే ఆమె బర్రెలు రెండు చచ్చిపోయాయి. ఆమెకు ఆ పాలే ఆధారం. నేను వెళ్ళి కాలువ నీళ్ళు బాటిళ్ళలో పట్టాను. అలాంటి నీళ్ళను ఐసులో పెట్టి ల్యాబుకు చేర్చాలి, లేకపోతే లోపలి గుణం మారిపోతుంది. ఐసు కొని డబ్బాలో పెట్టాను. కాలువ గట్టుమీదే లేబుల్ రాసేశాను, ఐసులో తెచ్చితిని అని. ఇంకా తేలేదు, అయినా తెచ్చితిని అని రాశాను. ఎప్పుడూ అలాగే రాసేదాన్ని, దారిలో బస్సు కుదుపులకు రాత పాడవుతుందని.

పెనుకొండ దాటాక బస్సు చెడిపోయింది. ఎండాకాలం. డ్రైవరు బానెట్ ఎత్తి ఏవేవో తిప్పాడు. మధ్యాహ్నమంతా రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద కూర్చున్నాను. ఐసు కరిగి నీళ్ళయి, ఆ నీళ్ళు వేడెక్కాయి కూడా. మళ్ళీ వెనక్కి వెళ్ళి కొత్తగా పట్టి తెచ్చి ఉండాల్సింది. అలసిపోయాను. బాటిళ్ళు అలాగే ల్యాబులో ఇచ్చేసి వచ్చాను.

ఆ రిపోర్టు మీద కేసు వేశాం. కోర్టులో ఫ్యాక్టరీ తరఫు లాయరు ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఏ బస్సులో వచ్చారమ్మా అని అడిగాడు. ఆ బస్సు ఎంతసేపు ఆగిందమ్మా అని అడిగాడు. మళ్ళీ ఐసు ఎక్కడ కొన్నారమ్మా అని అడిగాడు. హిందూపురంలోనే అన్నాను. లేబుల్ అబద్ధమని తేలిపోయింది. కేసు కొట్టేశారు. మా సారు ఆ రోజు మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. గంగమ్మ కూడా కోర్టుకు వచ్చింది. మెట్ల దగ్గర చెప్పులేసుకుని, నా పక్కనుంచే, నన్ను చూడకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ కాలువ వైపు వెళ్ళినప్పుడల్లా ఆమె ఇంటి తలుపు వేసే ఉండేది.

అద్దకం షెడ్డు

ధర్మవరంలో పట్టుచీర నేయడం ఎంత పనో, ఆ పట్టుకు రంగెక్కించడం అంత పని. ముడి పట్టును సబ్బునీళ్ళలో ఉడకబెట్టి జిగురు తీస్తారు, తర్వాత రంగు తొట్లలో ముంచుతారు. ఆ నీళ్ళన్నీ ఎక్కడో ఒకచోటికి పోవాలి గదా. రైలు గేటు అవతల ఒక పెద్ద అద్దకం షెడ్డు ఉండేది. అది నడిచినన్నాళ్ళూ వాడిన రంగునీళ్ళను వెనక గుంతల్లోకే వదిలారు. యజమాని చనిపోయాక కొడుకులు కొట్లాడుకుని మూసేశారు. తొట్లు పగిలాయి, రేకులు ఎవరో పీక్కెళ్ళారు, నేల మాత్రం అలాగే మిగిలింది. వాన పడితే అక్కడ నిలిచే నీళ్ళు ఒకచోట ఊదా, ఒకచోట ఆకుపచ్చ. చుట్టుపక్కల పేటలో ఉండేది మగ్గం కూలీలు, హమాలీలు, రైల్వేలో కాంట్రాక్టు పని చేసేవాళ్ళు. వాళ్ళ బోరు నీళ్ళు గిన్నెలు తోమడానికి కూడా పనికొచ్చేవి కావు.

ఆ స్థలాన్ని శుభ్రం చేసి, సొంత ఇల్లు లేని నేతవాళ్ళకు ఇళ్ళు కట్టించాలని పైనుంచి నిర్ణయం అయింది. మంచి నిర్ణయమే. నేల ఇళ్ళకు పనికొస్తుందో లేదో చెప్పే పని నా మీద పడింది.

పదిహేను రోజులు ఆ నేలమీదే ఉన్నాను. ఇనప గొట్టం దించి పైమట్టి, రెండడుగుల మట్టి, నాలుగడుగుల మట్టి విడివిడిగా తీశాం. పైన రంగు పెళ్ళలు ఉన్నాయి. కింద నల్లగా, తేమగా, వెల్లుల్లి కుళ్ళినట్టు వాసనొచ్చే పొర ఒకటి ఉంది. అందులో క్రోమియం ఉంది, కొన్ని రకాల రంగులు పట్టుకు అంటుకోవడానికి వాడేది అదే. అది ఒంటికి అదేపనిగా తగిలితే చర్మాన్ని తినేస్తుంది. ఆ పొరంతా తవ్వి ఎత్తిపోయడం జరిగే పని కాదన్నారు. అలాంటిచోట పుస్తకాల్లో చెప్పే మార్గం ఒకటుంది. పైమట్టి గీకి తీసేసి, పైన రెండడుగుల మందాన మంచి ఎర్రమట్టి పోసి దిమ్మిస కొట్టాలి. మనుషులు పైన ఉంటారు, విషం కింద ఉంటుంది, మధ్యలో మట్టి ఉంటుంది. నేను అదే రాశాను.

అంతటితో ఆగలేదు. బోరు మూసేయాలి, కుళాయి నీళ్ళు ఇవ్వాలి అని రాశాను. పెరట్లో ఆకుకూరలు వేయరాదని రాశాను. మునగచెట్టు కూడా నాటరాదని రాశాను, దాని వేరు లోతుకు పోతుందని. మా ఆఫీసులో అందరూ నవ్వారు, మేడం మునక్కాయలదాకా వెళ్ళింది అని. నాకు గర్వంగా ఉండింది. టిప్పర్లు మట్టి పోస్తుంటే నేనే టేపు పట్టుకుని కొలిచాను. ఒకచోట నాలుగు వేళ్ళు తగ్గితే మళ్ళీ పోయించాను. కాంట్రాక్టరు నన్ను బండబూతులు తిట్టాడని తర్వాత తెలిసింది.

ఇళ్ళ తాళాలు ఇచ్చిన రోజు నన్నూ పిలిచారు. అక్కడే ఓబులేసును, అతని భార్య లక్ష్మీదేవిని మొదటిసారి చూశాను. పెళ్ళయిన నాటినుంచీ అద్దె ఇళ్ళలో తిరిగినవాళ్ళు. మగ్గం చప్పుడు భరించలేమని ఒకరు, గుంట తవ్వి ఇల్లు పాడు చేశారని ఇంకొకరు ఖాళీ చేయించారట. లక్ష్మీదేవి నా చెయ్యి పట్టుకుని, మా ఇంట్లో ఒకసారి కాలు పెట్టి పో మేడమ్మా అంది. బొట్టు మాత్రం పెట్టించుకుని, ఇంకోసారి వస్తాలే అన్నాను. లోపలికి పోకూడదనేది నా పద్ధతి. ఆ రోజు పోయి ఉంటే ముందుగదిలో నేలమీద ముగ్గుపిండితో గీసిన గీత చూసేదాన్ని. మర్నాడు ఎక్కడ తవ్వాలో ఓబులేసు అప్పటికే గుర్తు పెట్టుకున్నాడు.

గుంట తవ్వి ఇల్లు పాడు చేశారు అన్న మాట నా చెవులతోనే విన్నాను. విని, పాపం అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

కాళ్ళు

ఏడాదిన్నర తర్వాత ఓబులేసు మా ఆఫీసుకు వచ్చాడు. కాళ్ళ గురించి కాదు. కొత్త ఇంట్లో ఎండాకాలం కూడా చెమ్మ ఆరడం లేదు, కింద పైపు పగిలిందేమో చూడమని అర్జీ పట్టుకుని తిరుగుతున్నాడు. ఇది మాది కాదంటే మాది కాదని నాలుగు ఆఫీసులవాళ్ళు తోసేశారు. చివరికి ఎవరో, ఆ స్థలం చూసిన మేడం ఇక్కడ ఉందని నా దగ్గరికి పంపారు.

కూర్చోమన్నాను. కూర్చుంటే పంచె కాస్త పైకి లేచింది. పాదాలనుంచి మోకాలి కిందిదాకా చర్మం నల్లబడి పగిలి ఉంది. పిక్కల మీద గుండ్రటి పుళ్ళు ఉన్నాయి, రూపాయి బిళ్ళంత. మోకాలి పైన మాత్రం ఏమీ లేదు. ఎవరో గీత గీసి ఇక్కడిదాకా అన్నట్టు ఉంది. ఎప్పటినుంచి అని అడిగాను. మగ్గం దించినప్పటినుంచి అన్నాడు. డాక్టరు పూతమందు ఇచ్చాడట, పూస్తే తగ్గుతుంది, మళ్ళీ వస్తుందట.

"మగ్గం యాడ దించినావప్పా?" అన్నాను.

అతను నవ్వాడు. ఇంత చదివినామె ఇదేం ప్రశ్న అన్నట్టు.

"యాడ దించుతారు మేడం, గుంటలోనే గదా."

తెలియనివాళ్ళకోసం చెబుతాను. మన వైపు చీర నేసేది ఎక్కువగా గుంట మగ్గం మీద. ఇంట్లో నేలను మూడడుగుల లోతు తవ్వుతారు. నేసే మనిషి గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేస్తాడు. కింద తొక్కుడు చెక్కలుంటాయి, కాళ్ళతో అవి తొక్కుతుంటే పైన దారాలు విడిపోతాయి. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా ఆ కాళ్ళు గుంటలోనే. అమ్మవారి గుడి వంటిది వాళ్ళకు ఆ గుంట, మట్టితో మెత్తి, పండగకు పసుపు పెడతారు. సిమెంటు చెయ్యరు, కాళ్ళు చల్లబడి పట్టేస్తాయని.

మూడడుగులు. నేను పోయించింది రెండడుగులు.

నా జీవితంలో నేతవాళ్ళ ఇళ్ళు వంద చూసి ఉంటాను. బావినీళ్ళ శాంపిళ్ళకోసం గడపలో నిలబడి, లోపల మగ్గం ఆడుతుంటే మాట్లాడాను. గుంట చూడలేదా? చూశాను. చీర కొనడానికి వెళ్ళినప్పుడు దాని అంచునే కూర్చున్నాను కూడా. మునగచెట్టు వేరు ఎంత లోతుకు పోతుందో ఆలోచించినదాన్ని, నేతవాడి కాలు ఎంత లోతుకు పోతుందో ఆలోచించలేదు. ఓబులేసు ఎదురుగా కూర్చుని ఉన్నాడు, నేను నిలువునా నీరైపోయాను. అతనికి అర్థం కాలేదు, నీళ్ళు తెమ్మంటారా మేడం అని అడిగాడు.

ఆ మధ్యాహ్నమే అతనితో బస్సెక్కి వెళ్ళాను. మొదటిసారి ఆ ఇంట్లో కాలు పెట్టాను. గుంటలోకి దిగి, అరిచేత్తో గోడ తడిమాను. మెత్తిన మట్టి ఊడిపోయి, అడుగున ఊదా రంగు చెమ్మ ఊరి ఉంది. లక్ష్మీదేవి గడప దగ్గర నిలబడి, "పట్టు రంగు దిగిందేమో అనుకున్యా మేడమ్మా, నేనే రోజూ తుడుస్తాండా" అంది. ఆమె చేతివేళ్ళ సందుల్లో కూడా చర్మం లేచిపోయి ఉంది. మట్టి తీసి బాటిల్లో పెట్టాను. పరీక్ష చేయించాను కానీ, ఆ వాసనకే నాకు తెలిసిపోయింది.

పక్క ఇళ్ళు కూడా చూశాను. మగ్గం ఉన్న ప్రతి ఇంట్లో అదే కథ, కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ.

రెండో రిపోర్టు

అప్పటి మా బాసు చెడ్డవాడు కాదు. ఆ సంగతి స్పష్టంగా రాయాలి, లేకపోతే మీకు చెడ్డవాళ్ళే తప్పులు చేస్తారనే భ్రమ కలుగుతుంది. నేను చెప్పిందంతా విన్నాడు. ఫైలు తెప్పించి చదివాడు. మీ రిపోర్టులో తప్పేముందండీ అన్నాడు. రెండడుగులు వేయమన్నాం, వేశారు. ఇళ్ళు కట్టారు. తవ్వుకోమని మనం చెప్పామా? తవ్వరాదని మీరు రాయలేదు, కానీ తవ్వొచ్చని కూడా రాయలేదు గదా. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నారు, ఆరోగ్యశాఖవాళ్ళు చూసుకుంటారు, వదిలేయండి అన్నాడు. నా మంచికోరే చెప్పాడు.

వారం రోజులు వదిలేశాను. నిజం రాస్తున్నాను కాబట్టి ఇదీ రాస్తాను. పెన్షన్ ఆగుతుందేమోనని భయపడ్డాను. ముప్పై రెండేళ్ళు ఎవరి టీ తాగకుండా కాపాడుకున్న పేరు పోతుందని ఇంకా ఎక్కువ భయపడ్డాను. నాకున్నది ఆ పేరొక్కటే మరి. ఇంట్లో ఇదంతా చెప్పుకోవడానికి ఎవరూ లేరు. గోడలతో మాట్లాడుకున్నాను. గంగమ్మ గుర్తొచ్చింది, ఆమె చెప్పులేసుకుని వెళ్ళిన తీరు గుర్తొచ్చింది. ఎనిమిదో రోజు కూర్చుని రాశాను. మొదటి వాక్యం ఇది: ఈ స్థలం గురించి నేనిచ్చిన నివేదిక తప్పు. ఇక్కడ ఉండబోయేవారు నేతపనివారని, వారు ఇంట్లో గుంట తవ్వుతారని నాకు తెలుసు, అయినా లెక్కలోకి తీసుకోలేదు.

ఆ తర్వాత చేయాల్సినవి రాశాను. ఆ గుంటల్లో కూర్చోవడం వెంటనే ఆపాలి. ప్రతి ఇంట్లో గుంట చుట్టూ, కిందా నల్లమట్టి తవ్వి తీసేసి, బండలు పరిచి, సిమెంటుతో బిగించి, లోపల చెక్క వేసి మగ్గం తిరిగి దించాలి. ఆ పని అయ్యేదాకా మగ్గాలు పెట్టుకోవడానికి దగ్గర్లో ఒక షెడ్డు ఇవ్వాలి. మగ్గాన్ని పైకెత్తి నేలమీద పెట్టొచ్చు గదా అని మీరనొచ్చు. నేనూ అనుకున్నాను. కానీ చీరకు పువ్వులు తీసే జాకార్డు పెట్టె మగ్గం పైన ఉంటుంది. ఎత్తితే అది శ్లాబుకు తగులుతుంది. ఈసారి ఆ సంగతి ఓబులేసునే అడిగి, అతనితోనే కొలిపించి రాశాను.

రిపోర్టు పంపిన మర్నాటినుంచీ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర నా పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. ఎవరూ కోప్పడలేదు. వాళ్ళ సంతకాలు కూడా ఆ ఫైలులో ఉన్నాయి, అంతే. నేను డబ్బా తెరిచి, తినేసి, కడుక్కుని సీటుకు పోయేదాన్ని. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి.

చవకైన సగం

నా రిపోర్టును అమలు చేశారు. సగం. గుంటల్లో కూర్చోవడం ఆపాలి అన్నదాన్ని చదివారు. తర్వాతి పేజీ తిప్పలేదు. ఒక ఉదయం ట్రాక్టర్లలో ఇసుక వచ్చింది, మనుషులు వచ్చారు, ఇంటింటికీ నోటీసు అంటించి గుంటలు పూడ్చడం మొదలుపెట్టారు. మీకు చెప్పేదేమంటే, పైవాళ్ళకు రెండు మాటలు రాసి పంపితే అందులో చవకైనదాన్నే పట్టుకుంటారు. రెండూ ఒకే వాక్యంలో, విడదీయడానికి వీలు లేకుండా రాయండి. నాకు ఆ తెలివి లేకపోయింది.

సంగతి తెలిసి పరిగెత్తుకెళ్ళాను. ఓబులేసు మగ్గం విప్పేసి ఉంది, కర్రలన్నీ గోడకు ఆనించి ఉన్నాయి. సగం నేసిన చీర మగ్గం కర్రకే చుట్టి ఉంది, చిలకాకుపచ్చ, ఎర్ర అంచు. అంతవరకూ నన్ను మీరు అనే పిలిచినవాడు ఆ రోజు నువ్వు అన్నాడు.

"కాళ్ళు నావి మేడం. కాళ్ళు పోతే నేనొగణ్ణే పోతా. మగ్గం పోతే ఐదుమందిమి యాడికి పోవాల? మొదట్నే ఒగ మాట అడిగింటే చెప్పేవాళ్ళం గదా, మేం నేసేవాళ్ళం, గుంట తవ్వుతామని. పదైదు దినాలు ఈడనే ఉంటివి. మట్టిని అడిగితివి. మమ్మల్ని ఎందుకు అడగలేదు నువ్వు?"

అడగలేదప్పా, తప్పే అన్నాను. అతను మొహం తిప్పుకున్నాడు. ఇసుక తట్టలు మోయించింది లక్ష్మీదేవి. మొగుడు వద్దంటున్నా వినకుండా, గుంట నిండి నేలతో సమం అయ్యేదాకా నిలబడి చూసింది. అయిపోయాక ఇల్లు ఊడ్చి, ఆ చోట చాప పరిచింది.

కొన్ని ఇళ్ళవాళ్ళు నెల తిరక్కుండా మళ్ళీ తవ్వుకున్నారు. లోపల ప్లాస్టిక్ పట్టలు పరుచుకుని కూర్చుంటున్నారు. నేను చూశాను. చూసి, ఆఫీసులో చెప్పలేదు. ఉద్యోగంలో ఉండగా నేను చూసి, కావాలని రాయనిది అదొక్కటే. అది కూడా తప్పే కావచ్చు, మీరు నన్ను తిట్టుకోవచ్చు. చెబితే మళ్ళీ ఇసుక వస్తుంది, బండలు రావు.

రిటైరైన రోజు శాలువా కప్పారు, నిజాయితీ గురించి మాట్లాడారు. ధర్మవరం పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత నుంచి ఆ రెండో సగంకోసం నేనే అర్జీలు పట్టుకుని తిరుగుతున్నాను. ఏ బెంచీ మీద అర్జీలవాళ్ళు కూర్చుంటే దాటుకుంటూ నా సీటుకు వెళ్ళేదాన్నో, ఇప్పుడు అదే బెంచీ మీద నేను కూర్చుంటున్నాను. కొత్తగా వచ్చిన పిల్లలకు నేనెవరో తెలియదు. పరిశీలనలో ఉందమ్మా అంటారు. ఆ మాట నేనెంతమందితో అన్నానో తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

కాబట్టి ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. లంచం తీసుకోకండి, అది అందరూ చెబుతారు. కానీ చేతులు శుభ్రంగా ఉన్నాయి గదా అని పని కూడా శుభ్రంగా ఉన్నట్టే అనుకోకండి. నేను అలాగే అనుకున్నాను. ఎవరింటికీ పోకపోవడమే నిజాయితీ అనుకున్నాను. ఒక నేలమీద ఇళ్ళు రాబోతుంటే, ఆ ఇళ్ళలోకి రాబోయేవాళ్ళ దగ్గర కూర్చోండి. పొద్దున లేచిందగ్గరనుంచీ ఏం చేస్తారు, ఎక్కడ కూర్చుంటారు, కాళ్ళెక్కడ పెడతారు అని అడగండి. టీ ఇస్తే తాగండి. ఎవరేమనుకుంటే మీకేం.

పెనుకొండలో

పోయిన నెల ధర్మవరం వెళ్తూ పెనుకొండలో బస్సు మారాను. మధ్యాహ్నం. ఎర్రమంచి వైపు వెళ్ళే షిఫ్టు బస్సుకోసం పదిమంది నిలబడి ఉన్నారు, మెడలో కార్డులు వేసుకుని. అందులో ఒకతను నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. బూట్లు, నీలం ప్యాంటు, తలకు టోపీ. మాట్లాడేదాకా ఓబులేసని గుర్తుపట్టలేదు. ఏదో ఫ్యాక్టరీలో గడ్డి కోసే పనికి కాంట్రాక్టులో తీసుకున్నారట. రోజూ రైలెక్కి వస్తాడట. లక్ష్మీదేవి రేషం, అదే పట్టుదారం, చుట్టే పనికి పోతోందట. కోపం ఏమీ లేదు, బాగున్నావా మేడం అన్నాడు.

నేను అడక్కముందే బస్టాపు అరుగుమీద కాలు పెట్టి ప్యాంటు పైకి మడిచాడు. పుళ్ళు మానిపోయాయి. తెల్లటి మచ్చలు మాత్రం ఉన్నాయి. చర్మం నున్నగా, మామూలుగా ఉంది. నాకు ఎంత సంతోషమైందంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అంతమందిలో తుడుచుకోవాల్సి వచ్చింది. ఈ ఉద్యోగంలో నేను చేసిన పనికి ఫలితం కళ్ళారా చూసింది అదొక్కటే.

మగ్గం ఏం చేశావని అడిగాను. కర్రలు అటకమీద ఉన్నాయన్నాడు. ఆ సగం చీర కోసి, నేయించుకునే షావుకారుకు ఇచ్చేశాడట. తర్వాత ప్యాంటు కిందికి దించుకుంటూ, పక్కవాళ్ళకు వినపడకుండా చెప్పాడు.

"ఒగ మాట చెప్తా, నవ్వాకు. నిద్దర్లో నా కాళ్ళు తొక్కుతాండాయంట మేడం. కుడికాలు, ఎడమకాలు, వరసగా. మా ఆడది చెప్తాది. మొదట్లో లేపుతాండె. లేపితే నిలిచిపోతాయంట. ఇప్పుడు లేపడం మానుకున్యాది. తొక్కుకోనీలే అంటాది."

అప్పుడే వాళ్ళ బస్సు వచ్చింది. ఎండలో నిలబడాకు, లోపలికి పో మేడం అని చెప్పి ఎక్కాడు. నేను ధర్మవరం బస్సుకోసం అక్కడే ఉండిపోయాను. సంచిలో కొత్త అర్జీ ఉంది. చెమ్మ ఎంత ఉంది, క్రోమియం ఎంత ఉంది, ఎన్ని బండలు కావాలి, అన్నీ గడులు గీసి రాశాను. బస్సు వచ్చేదాకా దాన్ని తీసి పట్టుకుని కూర్చున్నాను, ఆ కాళ్ళ సంగతి ఏ గడిలో రాయాలో తెలియక.